టిక్కు పెట్టిన ఇల్లు

నాకు ఆ ఉద్యోగం తెలుగు వచ్చినందుకే వచ్చింది. మహారాష్ట్రలోని మాజ్రి బొగ్గు గనుల పక్కన రేకుల బస్తీలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కూలీలుండేవారు. పర్మనెంటు కొలువులు ఆగిపోయి, పనులన్నీ కాంట్రాక్టర్ల చేతికి పోతున్న రోజులవి. వాళ్ల పిల్లలకు బాల్వాడీలో ఆటపాటలు నేర్పడం, వారానికోసారి ఇంటికెళ్లి పిల్లలతో ఎలా మెలగాలో తల్లులకు చెప్పడం నా పని. నేను రాజురా దగ్గర పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చినదాన్ని. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమని మా సంస్థవాళ్లు అన్నారు. నేనూ తక్కువ మురిసిపోలేదు.

ఆ బస్తీలో ఒక లోడింగు కూలీ ఇల్లు. భార్యకు ఇరవై రెండేళ్లుంటాయేమో, కూతురికి నాలుగు. ఇద్దరూ వసపిట్టలే. తల్లి బియ్యం ఏరుతూ కథ చెబుతుంటే, నక్కకు అమ్మ ఉందా, ఆమె ఏం వండిందని పిల్ల అడ్డం పడేది. నడిస్తే నా ఎడమ చెప్పు కిర్రుమనేది. మొదటి రోజే పిల్ల పట్టేసింది.

"గీ చెప్పు ఏడుస్తంది. గా చెప్పెందుకు ఏడుస్తలేదు?"

నవ్వుకున్నాను. ఆ తర్వాత ఫారం తీసి 'మరాఠీ రాదు' అని రాశాను. అలాంటి ప్రశ్న అడిగే పిల్లకు ఆ ఫారంలో గడి లేదు.

ఒకటో తరగతిలో చేర్చుకునేముందు అక్కడి మరాఠీ బడి హెడ్మాస్టరు పిల్లల్ని మరాఠీలో నాలుగు ప్రశ్నలడిగేవాడు. చెప్పకపోతే వచ్చే ఏడు రమ్మనేవాడు. వచ్చే ఏటికి ఆ కూలీలు ఏ గని దగ్గర ఉంటారో ఎవరికి తెలుసు? అందుకని, ఇళ్లలో తెలుగు మాన్పించమని నాగపూర్ నుంచి వచ్చే మా పై మేడమ్ చెప్పింది. ఆ మాటను నేను చక్కటి తెలుగులో మోసుకెళ్లాను.

"ఇంట్ల తెలుగు బంద్ చెయ్యి చెల్లె. బిడ్డతోని మరాఠీలనే మాట్లాడు."

తనకొచ్చింది కూరలు బేరమాడే మరాఠీయేనని ఆమె భయపడింది. వచ్చినంతే మాట్లాడమన్నాను. ఎంత గొప్ప సలహా!

మిగతా తల్లులు తలూపి మరిచిపోయేవారు. వాళ్లే తెలివైనవాళ్లు. ఈమె నన్ను నమ్మింది. పిల్ల నోట తెలుగు వస్తే అరచేత్తో మెల్లగా నోరు మూసేది. చివరికి ఆ ఇంట్లో 'యే', 'బస్', 'జేవ్', 'ఝోప్' మిగిలాయి. రా, కూర్చో, తిను, పడుకో. నక్కను మరాఠీలో ఏమంటారో ఆమెకు తెలియదు కాబట్టి కథలు కూడా పోయాయి. వానాకాలం దాటేసరికి ఇల్లు సద్దుమణిగింది. పిల్లకు బుద్ధి వచ్చిందనుకుని 'తల్లి సలహా పాటిస్తోంది' అన్న గడిలో టిక్కు పెట్టాను. మేడమ్ మిగతా తల్లులను తీసుకొచ్చి మరీ ఆ ఇంటిని చూపించింది.

మరుసటి జూన్‌లో పిల్లను బడిలో చేర్చడానికి నేనూ వెంట వెళ్లాను. హెడ్మాస్టరు ఆవు బొమ్మ చూపించి ఇదేమిటన్నాడు. పిల్ల బొమ్మను చూసింది, తల్లి చేతిని చూసింది, నోరు విప్పలేదు. మిగతా మూడు ప్రశ్నలకూ అంతే. దీనికి చెవులు వినిపిస్తాయా అని ఆయన నన్నడిగి, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

గేటు దాటాక తల్లి ఆగింది.

"మీరు చెప్పినట్టే చేసిన టీచరమ్మా. ఒక్క తెలుగు మాట గూడ రానియ్యలె. ఏడ తప్పు చేసిన?"

ఆమె నన్ను నిలదీయడం లేదు, నిజంగానే అడుగుతోంది. నాలుగు తిట్టినా బాగుండేది.

వారం తర్వాత ఆ ఇంటికి వెళ్లాను. నా చెప్పు కిర్రుమంది. పిల్ల దాన్ని చూసి ఊరుకుంది. తప్పు నాదేనని, మునుపటిలా పిల్లతో మాట్లాడమని తల్లికి చెప్పాను. ఫారం సంచిలోంచి తీయలేదు. ఆమె కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, నక్క కథ ఎత్తుకుంది.

"అనగనగా ఒక అడివిల..."

పిల్ల బెదిరిపోయి నా వైపు చూసింది. గబుక్కున చిన్న అరచెయ్యి ఎత్తి తల్లి నోరు మూసింది.