ముక్కు పట్టుకుని కొట్టమన్న కొటేషన్లు

మా ఇంగ్లీషు మేష్టారు మామూలుగా మమ్మల్ని కొట్టేవారు కాదు. మా చేత మమ్మల్నే కొట్టించేవారు. జవాబు చెప్పినవాళ్ళు, చెప్పలేనివాళ్ళ ముక్కు ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో లెంపకాయ కొట్టాలి. తల పక్కకు తిప్పుకోకుండా ముక్కు పట్టు అన్నమాట. మెల్లగా కొట్టామా, అప్పుడు లేచేది ఆయన బెత్తం.

తొంభైల చివర్లో, భీమవరం దగ్గర మా హైస్కూల్లో నేను పదో తరగతి. పరీక్షల ముందు రెండు నెలలూ ఈ తంతు కొటేషన్ల మీద నడిచింది. ఏ పద్యం మీద ప్రశ్న వచ్చినా, జవాబు మధ్యలో ఆ పద్యంలోంచి నాలుగు లైన్లు పొల్లుపోకుండా దించాలని ఆయన పట్టుదల. "కొటేషన్ లేని ఆన్సరు ఉప్పులేని పప్పండీ" అనేవారు. పిల్లల్ని తన్నించేటప్పుడు కూడా ఆ 'అండీ' వదిలేవారు కాదు. మర్యాదకేం లోటు లేదు మా వైపు!

నాకు కొటేషన్లు ఇట్టే వచ్చేసేవి. అందుకని ఎప్పుడూ నేను కొట్టే పక్షమే. నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది. అసలే నాకు కోపం ఎక్కువ. నా జడ లాగినవాళ్ళ మీదా, నన్ను వెక్కిరించినవాళ్ళ మీదా కసి అంతా ఆ పీరియడ్‌లోనే తీర్చుకునేదాన్ని.

నా పక్కన కూర్చునే అమ్మాయికి ఇంగ్లీషు చదవడం సరిగ్గా రాదు. మొద్దేం కాదు, లెక్కలు నాకే చెప్పేది. వాళ్ళ అక్క రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్ళేది. రోజంతా ఐసులో నాని ఆవిడ వేళ్ళు తెల్లగా ఉబ్బిపోయి, గోళ్ళ పక్కన పుళ్ళు పడి ఉండేవి. పది తప్పితే ఈ పిల్ల కూడా ఆ షెడ్డుకే అని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. మిగతా సబ్జెక్టులకు భయం లేదు. ఇంగ్లీషు ఒక్కటీ గట్టెక్కాలి, గట్టెక్కించేవి ఆ కొటేషన్లే.

అవి నేనే రాసి ఇచ్చేదాన్ని. పైన ఇంగ్లీషు లైను, కింద తెలుగు అక్షరాల్లో అది పలికే తీరు. ఆమె కింది లైను నోటికి పట్టి, పై లైను ముగ్గు దిద్దినట్టు దిద్ది దిద్ది నేర్చుకునేది. వాన మీద ఒక పద్యం ఉండేది. అందులో రెండో లైనూ మూడో లైనూ ఒకే మాటతో మొదలవుతాయి. టీవీ చూస్తూ రాసిచ్చాను నేను. మూడోది ఎగిరిపోయి దాని చోట నాలుగోది, నాలుగోదాని చోట ఐదోది వచ్చి కూర్చున్నాయి. లెక్కకు నాలుగూ ఉన్నాయి కదా, ఇద్దరికీ అనుమానం రాలేదు.

మర్నాడు క్లాసులో ఆ పద్యం అడిగితే, ఎన్నడూ లేనిది, ఆమే ముందు చేయెత్తింది. గడగడా అప్పజెప్పింది.

"మూడో లైను ఏదండీ?" అన్నారు మేష్టారు.

ఆమె నా వైపు చూసింది. నేను ఏ లైను వదిలేశానో అప్పుడు తెలిసింది నాకు. ఆయన నన్ను లేపి చెప్పమన్నారు. మూడో లైనుతో సహా చెప్పేశాను.

"ఊఁ, కొట్టండి మరి."

'నేనే తప్పు రాసిచ్చానండి' అంటే సరిపోయేది. అనలేదు. అంటే ఇన్నాళ్ళూ నా చేత దెబ్బలు తిన్నవాళ్ళంతా నా ముక్కు కోసం వరస కడతారని భయం. ఆమె ముక్కు పట్టుకుని మెల్లగా ఒకటి వేశాను. "దోమల్ని తోలుతున్నారేంటండీ?" అంటూ ఆయన బెత్తం తీశారు. ఈసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఆమె తల వెళ్ళి గోడకు తగిలింది. ముక్కులోంచి రక్తం వచ్చి నా వేళ్ళ మధ్య కారింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నేను చేయి లంగాకి తుడుచుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు మేష్టారు ఇంకో కొటేషన్ అడిగితే వచ్చి కూడా నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె చెప్పింది, తప్పు లేకుండా. ఇక నన్ను కొడుతుంది, చెల్లుకు చెల్లు అనుకున్నాను. నా అంత తెలివిగలది ఉంటుందా! ఆమె నా ముక్కు పట్టుకుని, బుగ్గ మీద ఊరికే చెయ్యి ఆనించింది. మేష్టారికి ఒళ్ళు మండింది. ఆమె కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, కణుపుల మీద బెత్తంతో ఐదు కొట్టారు. మూడోదానికే చర్మం చిట్లింది. పరీక్షలు ఇంకో పదిహేను రోజులున్నాయి, ఆమె రాసే చెయ్యి అది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నేను చేసిన ఘనకార్యం.

బెల్లు కొట్టాక కుళాయి దగ్గర చేయి కడుక్కుంటుంటే వెళ్ళి ఏడుస్తూ చెప్పేశాను, ఆ లైను వదిలేసింది నేనేనని.

"తెలుసు," అంది. "నిన్న ఇంటికెళ్ళి పుస్తకం పక్కన పెట్టుకుని చూశాను."

"మరి మేష్టారితో చెప్పలేదేంటే?"

"చెబితే నీకు కోపం వస్తుంది. రాసివ్వడం మానేస్తావు. ఇంకా నాలుగు పద్యాలున్నాయి కదే."

"ఇందాక నన్ను గట్టిగా కొట్టలేదు, అందుకేనా?"

"మరి?"

నేనంటే ఇష్టం వల్ల ఊరుకుందనుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నాలుగూ ఆ రోజే రాసిచ్చాను. ప్రతి లైను మీదా నా చేత వేలు పెట్టించి, పుస్తకంతో పోల్చి, రెండేసి సార్లు చదివించుకుంది.

ఇంగ్లీషు పరీక్ష అయ్యాక గేటు దగ్గర ఆమె కోసం నిలబడ్డాను. "వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. నాలుగు లైన్లూ రాశాను," అంది. సైకిలు స్టాండు తీస్తూ, "ఇంక నీతో మాట్లాడక్కర్లేదు నాకు," అని సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో ముందు ఆమె నంబరే వెతికాను. ఉంది. ఆ పేపరు పట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తి, వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను.