సుగుణగారు ప్రింటు తీసిన అంకెలు

సుగుణగారు ప్రింటు తీసిన పాట కాగితాన్ని ఓడలరేవు ఇసుకలో నిలబెడితే, నడిసముద్రంలో పోతున్న ఓడ కెప్టెను అది చదివి హారను శ్రుతిలో కొట్టేడు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ ఓడనే అడగొచ్చు.

అమలాపురంలో కాలవ పక్కన ఆవిడకో జెరాక్సు కొట్టుంది. భర్త పాపారావుగారు సత్యదుర్గారావుగారి ఆర్కెస్ట్రాలో కీబోర్డు మాస్టారు. ఆయనకి పాటల కాగితాలు కంప్యూటర్లో కొట్టి తీసేది సుగుణగారే. ఎడం చేత్తో కలిపి నొక్కే స్వరాలకి, అంటే కార్డులకి, ఇంగ్లీషు అక్షరాల బదులు అంకెలు పెడతారు. పాట ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అది ఒకటి, అక్కణ్ణించి లెక్క. పాడేవాళ్ళు శ్రుతి పెంచినా దించినా కాగితం మారదు. ఆరు పక్కన చిన్న గీత ఉంటే మైనరు, అంటే ఏడుపు. గీత లేకపోతే మేజరు, నవ్వు.

తంటా అంతా ఆ గీతతోనే వచ్చింది. మండపేట పెళ్ళిలో అప్పగింతల పాటకి గీత కనపడక మాస్టారు మేజరు నొక్కేసేరు. వలవలా ఏడుస్తున్న పెళ్ళికూతురు ఏడుపాపేసి స్టెప్పులేసింది, వియ్యంకుడు ఈలేసేడు. నవ్వనిది సత్యదుర్గారావుగారొక్కరే.

"ఓడలరేవు ప్రోగ్రాంలో కూడా ఇలాగే అయితే లాప్‌టాప్ కుర్రాణ్ణి పెట్టుకోవాలండి మాస్టారూ. ఏమనుకోకండి."

"ప్రింటు బాలేదండి," అన్నారు మాస్టారు. ఇంటికొచ్చి సుగుణగారితోనూ అదే మాట.

ఆవిడ కాగితం చూసేరు. సాఫ్ట్‌వేరు పాట మాటల నెత్తి మీద అంకెల్ని చీమల్లా పేర్చింది. పై వరసలో ఒత్తులు కిందికి వేలాడి గీతల్ని మింగేస్తున్నాయి. నిజమే. కానీ కష్టపడితే ఆవిడకి కనిపిస్తున్నాయి. పైగా ఈమధ్య మాస్టారు చేపముళ్ళని కళ్ళతో కాక వేలితో వెతుక్కుంటున్నారు.

"అవునండీ, ప్రింటే బాలేదు," అన్నారావిడ.

అక్షరాలు పెంచితే ఒక్క పాట బోలెడు పేజీలైంది. రెండు చేతులూ కీబోర్డు మీదుంటే పేజీ ఎవరు తిప్పుతారు? ఆలోచిస్తూ కూర్చుంటే పెరట్లోంచి ఆయన సాధన వినబడింది. పాట మాటలు నోటివెంట ధారగా వస్తున్నాయి. ఆగుతున్నది అంకె దగ్గరే.

సుగుణగారు మాటలన్నీ చెరిపేసేరు. వరసకొక మొదటి మాట ఉంచి, మిగతా చోటంతా అంకెలకిచ్చేరు. ఒక్కోటీ ఇడ్లీ అంత! మైనరుకి గీత తీసేసి, అంకె చుట్టూ నల్లటి గడి కట్టేరు. పాటంతా ఒకే పేజీలో కుదిరింది.

మాస్టారు అలవాటుగా కాగితాన్ని ముక్కు దాకా తెచ్చి, మెల్లగా వెనక్కి జరిపేరు. ఇంకా జరిపేరు.

"మెషిను బాగు చేయించేవా?"

"ఆయ్, చేయించేనండి."

ఓడలరేవులో సముద్రపు గాలి. కాగితానికి బట్టల క్లిప్పులు పెట్టి, సుగుణగారు ముందు వరసలో కూర్చున్నారు. పాటెత్తుకోబోతూ ఆర్కెస్ట్రా గాయని దుర్గాశ్రీ, "మాస్టారూ, గొంతు పట్టేసింది. ఒక శ్రుతి దించండి," అంది. ఆయన దించేరు. అంకెలు కదల్లేదు. నల్లగడి రాగానే వేళ్ళు మైనరు మీద వాలేయి. దుర్గాశ్రీ పాటలో ఏడుపు పలికింది. వలలు లాగి చేతులు కాయలు కాసినవాళ్ళు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నారు. ఒక అలైతే ఒడ్డుకి రాబోయి మధ్యలో ఆగి వింది.

సత్యదుర్గారావుగారు వెనకనించి తొంగిచూసేరు. "అందరికీ ఇలాంటివే తీయించండి మాస్టారూ. నాకిక్కడికి కనబడుతున్నాయి. వచ్చే నెల రాజోలు పెళ్ళికీ ఇవే పట్రండి."

ఇంటికొచ్చేటప్పుడు స్కూటీ సుగుణగారే నడిపేరు. వెనకనించి మాస్టారడిగేరు.

"ఎప్పట్నించి తెలుసు నీకు, మెషిను సంగతి?"

"చేప వండినప్పట్నించండి. రేపు కంటి డాక్టరు దగ్గరికెళ్దామా?"

"ఆయ్."

కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఊళ్ళోవాళ్ళు ఓడ కథే చెబుతుంటే, జెరాక్సు తీస్తూనే సుగుణగారన్నారు:

"ఓడా లేదు, కెప్టెనూ లేడండి. మూడడుగుల దూరానికి కనబడేలా పెట్టేను. ఆయనకీ కాగితానికీ మధ్య ఉండేది అంతే."