మంచె మీద హైదరాబాద్ స్టేషన్

పొద్దున చెల్లె ఫోన్ చేసింది. కూర్చున్న చోటనే మాట్లాడితే సరిపోయేదానికి, నేను ఫోన్ చెవికి పెట్టుకొని అర్రల నుంచి వాకిట్లకు, వాకిట్ల నుంచి ప్రహరీ గోడ దాకా, అక్కడి నుంచి మళ్లీ లోపలికి తిరుగుతుంటే మా కోడలు నవ్వి, మామయ్యా, ఇప్పుడు యాడ నిలబడ్డా ఒక్క తీరుగనే వినబడుతది, ఆ తిరుగుడెందుకు అన్నది. పాపం, ఆమెకేం తెలుసు? ఈ కాళ్లకు ఆ తిరుగుడు పట్టింది ఈనాడు కాదు. అగ్గువ ట్రాన్సిస్టర్ ఒకటి చంకలో పెట్టుకొని హైదరాబాద్ రేడియో కేంద్రాన్ని వెతుక్కుంటూ ఊరంతా తిరిగినోళ్లు మన ఈడువాళ్లల్ల ఎవరన్నా ఉంటే, వాళ్లకు నా సంగతి ఇట్టే అర్థమైతది.

అప్పుడు నేను బోథ్‌ల గ్రామసేవకునిగా కొత్తగా నౌకరీల చేరిన. మా ఊరు అక్కడికి సైకిల్ దూరమే. చెల్లె హైదరాబాద్‌ల నర్సు ట్రైనింగు చేస్తుండేది, అదీ బాపును ఎదిరించిపోయి. పరాయోళ్ల పుండ్లు కడిగే బతుకు నా బిడ్డకెందుకని ఆయన, రోగమొస్తే నీకు మాత్రం ఎవరో ఒకరు కడగాలె కదా అని అది. ఇద్దరిదీ ఒక్క నెత్తురే, పంతంల ఎవరికెవరూ తీసిపోరు. దాని బస్సు కదిలిన నాడే బాపు చావడి కాడ నలుగురి ముందట నాకు బిడ్డ లేదు అనేసిండు. ఆ తరువాత దాని పేరు ఆయన నోట రాలేదు. కన్నతల్లి గదా, అవ్వ మాత్రం పండుగపండుగకు దాని వాటా గారెలు తీసి మూత పెట్టేది, తెల్లారినంక తానే తినేది, మేము చూడనట్టు ఉండేవాళ్లం.

ఇట్లుండగా హైదరాబాద్ పోయొచ్చిన మా మేనమామ ఒక కబురు మోసుకొచ్చిండు. వచ్చే నెలలో ఒక సాయంత్రం నర్సుల హాస్టల్ పిల్లలు రేడియోల పల్లెటూరి పాటలు పాడుతున్నరట, అందులో కలుపు పాటను మా చెల్లె ఎత్తుకుంటదట, అది మా నాయనమ్మ చేన్ల పాడిన పాటేనట. బాపు ఒక్కపారి వింటే చాలు మామా అని కండ్లనీళ్లు పెట్టుకున్నదట. ఆ మాట విన్నకాంచి నేను కాలుగాలిన పిల్లి లెక్కనే అయిన. పంచాయతీల రేడియో ఉన్న మాట నిజమే, దానికి చావడి కప్పు మీద మైకు గూడా ఉండేది, కానీ ఏ చావడిల బిడ్డ లేదన్నడో అదే చావడికి పోయి నలుగురి నడుమ కూర్చొని బిడ్డ పాట వింటడా బాపు? ఇంటికే రేడియో రావాలె. పాట ఒక్కసారి పాడి గాలిలో కలిసిపోతే మళ్లీ వినే సాధనం ఆ రోజుల్లో మనలాంటివాళ్లకు యాడిది?

ఆదిలాబాద్‌ల దుకాణం సేటు నా ముందట రెండు సెట్లు పెట్టిండు. ఒకటి బల్లంత పెద్ద కరెంటు రేడియో. దాంట్లో వార్తలు చదివే ఆయన గొంతు, పెద్ద గాబులో తలపెట్టి మాట్లాడినట్టు గంభీరంగ ఉండేది. రెండోది పేరూ ఊరూ లేని చేతి సెట్టు, బొక్కల బొక్కల తోలు సంచి దానికి. గొంతు జర పీలగ ఉన్నా మాట సాఫుగ వినిపించింది. హైదరాబాద్ వస్తదా అంటే, హైదరాబాదేంది సాబ్, ఢిల్లీ గూడ పరుగెత్తుకొస్తది, ఫికర్ జేయకు అన్నడు. అగ్గువకు వస్తున్నదని ఆ చేతి సెట్టే కొన్న. దుకాణం కప్పు మీంచి దిగిన ఏరియల్ తీగ ఒకటి ఆ బల్ల మీదనే, సెట్టుకు తగిలీ తగలనట్టు పడి ఉన్నదని నేను సోయి తెచ్చుకునేసరికి మా ఊరి పొలిమేర దాటి ఇంట్ల ఉన్న.

ఇంట్ల పెట్టి చూద్దునా, నాగపూర్ కేంద్రం కంచు గంట కొట్టినట్టు పలుకుతున్నది, హైదరాబాద్ మాత్రం మంగలంల జొన్నలు పేలిచ్చినట్టు ఒకటే చిటపట. మాకు రాని భాష పాటలన్నీ చక్కగ వస్తున్నయి, మాకు కావలసిన ఒక్క పాట వచ్చేతట్టు లేదు. ఇగ చూడండి నా పరేషాను. నౌకరి నుంచి రాంగనే సైకిల్ గోడకు ఆనిచ్చి, సెట్టు పట్టుకొని కొట్టంల, పెంట కుప్ప మీద, వాగు గడ్డన, ఎక్కడ పడితే అక్కడ చెవి పెట్టి చూసేటోణ్ణి. సెల్లులు నీరసపడితే అవ్వ వడియాల పక్కన ఎండకు పెట్టేది. ఒకనాడు అవ్వ ఊడుస్తూ సెట్టును అవతలికి జరిపితే చిటపట తగ్గి మాట తేటపడ్డది, అప్పుడు తెలిసింది దాన్ని పెట్టే చోటే కాదు, తిప్పే దిక్కు గూడ చూడాలని. ఊరోళ్లు నన్ను చూసి, గ్రామసేవక్ సాబ్‌కు గాలి సోకిందిరా అని నవ్వుకునేటోళ్లు. బాపు మాత్రం ఇటు తలగూడ తిప్పేటోడు కాదు.

తిరిగి తిరిగి, హైదరాబాద్ అన్నిటికన్న తేటగ పలికే జాగ దొరికింది. దొరికి దొరికి అది బాపు జొన్నచేన్ల మంచె మీదనే దొరకాల్నా! పిట్టలు కొట్టనీకె ఆయన దినాం పొద్దుగూకేదాకా ఆ మంచె మీదనే ఉండేటోడు.

పాట వచ్చే నాడు నేను సెలవు పెట్టిన. పిట్టలు కొట్టనీకె నేను గూడ సాయం ఉంటనని అబద్ధం చెప్పి మంచె ఎక్కిన. బాపు నా చంకలో ఉన్న తోలుసంచి దిక్కు చూసి, వడిసెలలో రాయి పెట్టుకుంటూ మొఖం తిప్పుకున్నడు. ధాన్యం ధరలు చెప్పిండ్రు, ఎరువుల మాట చెప్పిండ్రు, ఆ తరువాత నర్సుల హాస్టల్ పిల్లలు అన్నరు. నేను ఆగలేక సెట్టును ఇంకింత మీదికెత్తిన, సెట్టు కదిలితే గొంతు పోయింది. ఇటు తిప్పుతే నాగపూర్, అటు తిప్పుతే చిటపట. చెల్లె గొంతు ఒక ముక్క వినబడి మునిగిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“ఓరి, నిమ్మలంగ నిలబడరాదుర! గిట్ల ఇయ్యి.”

బాపు వడిసెల కింద పడేసి సెట్టు గుంజుకున్నడు. రొమ్ముకు ఎదురుగ రెండు చేతులతోటి పట్టుకొని ఇంతంత తిప్పిండు, ఒకచోట ఆపిండు. చెల్లె పాట బయటికొచ్చింది. ఇగ ఆయన కదిలితే ఒట్టు. చిలుకలు గుంపులు గుంపులుగ వచ్చి మా ముందటనే కంకుల మీద వాలినయి, ఎవరి చేన్లనో వాలినట్టే చూస్తూ నిలబడ్డడు. నేను వడిసెల అందుకోబోతే, చప్పుడు చేయకని కండ్లతోటే బెదిరిచ్చిండు. పాట అయిపోయినా, వేరే పిల్లలు ఇంకోటి ఎత్తుకున్నా, అది గూడ అయిపోయి ఇంకెవరో ఏందో మాట్లాడుతున్నా సెట్టు దించలేదు. బిడ్డ మళ్లీ పాడుతదేమోనని ఎదురుచూస్తున్నడని నాకు అప్పుడే తెలిసింది, నేను మొఖం తుడుచుకున్న.

“పిల్లకు జలుబు జేసిందిర” అన్నడు ఆఖరుకు.

అది సెట్టు గరగర బాపూ, అగ్గువ సెట్టు అన్న.

“సెట్టు గరగర నాకెర్క లేదార? నెల సంది నువ్వు ఊరంత మోసుకొని తిరుగుతుంటే ఇంటలేనా? గిది గొంతు గరగర. రేపు పొద్దుగాల బస్సుకు పో. మీ అవ్వనడిగి మిరియాలు కట్టుకపో. నాలుగొద్దులు సెలవు దొరికితే తోలుకరా.”

పోయిన. చెల్లె ముక్కు ఎర్రగ పెట్టుకొని, తుమ్ముకుంటనే ఎదురొచ్చింది. మిరియాల మూట చేతిల పెట్టి బాపు పంపిండు అన్న, అంతే, ఇద్దరం హాస్టల్ గేటు కాడ నిలబడి చిన్నపిల్లల తీరు ఏడ్చినం.

బాపు పోయి చాన్నాళ్లయింది. ఆ సెట్టు తోలుసంచి ఒక్కటే మిగిలింది, అది గూడ ఏ పెట్టెలనో ఉన్నది. పొద్దున ఫోన్‌ల చెల్లె గొంతు పక్కన కూర్చొని మాట్లాడినంత తేటగ వచ్చింది, ఒక్క చిటపట లేదు, నాగపూర్ అడ్డం రాలేదు. మంచిగనే ఉన్నవా అంటే మంచిగనే ఉన్ననన్నది. సరేనని పెట్టేసిన. జరసేపటికి దాని కొడుకు ఫోన్ చేసి, మూడొద్దుల నుంచి అమ్మకు జ్వరం మామా, నీకు చెప్పొద్దన్నది అని చెప్పిండు.

అంత తేటగ వినబడ్డ గొంతుల నాకేమీ వినబడలేదు. బాపు ఉంటే పట్టుకునేటోడు. కోడలిని పిలిచి మిరియాలు కట్టిమ్మన్న. అక్కడ దుకాణాలు లేవా మామయ్యా అని నవ్వుతున్నది. నేను తిరుగుడు ఆపి చెప్పులు వెతుక్కుంటున్న.