ఒక్కపొద్దు నాటి మాత్ర

పందొమ్మిదివందల యాభైతొమ్మిది, శ్రావణమాసం. రెండో సోమవారం దాటి మంగళవారం తెల్లవారింది. ఎమ్మిగనూరులో నేతగాడు గిడ్డయ్య ఇంట్లో, రాట్నం ముందరి పీట మీద కొత్త పైసా అంత ఎర్రటి మరక కనబడింది. మొదట చూసినవాడు గిడ్డయ్యే. ఆయనకు చూపు సరిగా ఆనదు. అందుకని బాగా వంగి, నిదానంగా పరీక్ష చేసి, తీర్పు చెప్పాడు.

"ఆకు నమిలే నోరు ఈ ఇంట్లో ఒగటే ఉండాది. పీట మింద ఉమ్మేదానికి నీకేం పొయ్యేకాలమే, భీమీ?"

ఆయన భార్య భీమమ్మ నలభై ఏళ్ళుగా ఆకువక్క నములుతూ ఒక్క చుక్క కూడా తప్పుడు చోట వేయని మనిషి. "నేనా! నేను ఉమ్మితినా?" అంటూ పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చింది. ఈ విచారణ నడుస్తున్నంతసేపూ కోడలు తిమ్మక్క గోడకు వీపు ఆనించి, ఎవరో మేకు కొట్టి నిలబెట్టినట్టు నిలబడింది. చీర వెనకవైపు మామ కంట పడకుండా ఉండాలంటే వేరే దారి లేదు.

భీమమ్మ పీటను చూసింది. కోడలిని చూసింది. మొగుడి వైపు తిరిగి, "ఔ, నేనే ఉమ్మినా. పో, పొయ్యి మొగం కడుక్కోపో" అంది. ఆయన గెలిచిన సంతోషంతో వెళ్ళిపోయాడు.

"దూరమైనావేమ్మే?"

"ఇంకా పది దినాలుండాల అత్తా."

"కనపడినాక లెక్కేంది? సాప ఎత్తుకో."

ముట్టయిన మనిషి ఆ ఇంట్లో మూడు దినాలు వసారా మూల చాప మీద ఉండాలి. వంట ముట్టకూడదు, మగ్గం ముట్టకూడదు, నూలు ముట్టకూడదు. తిమ్మక్క చాప ఎత్తుకుంది గానీ, ఆమె భయం ముట్టు గురించి కాదు.

తిమ్మక్కది పెద్దకడుబూరు. పద్నాలుగో ఏట నాగన్నను చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. నాగన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తే, పడుగులో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఆమె పని. ఆమె చుట్టిన కండె మధ్యలో తెగదని వీధివీధంతా ఒప్పుకునేవాళ్ళు. ఐదు కాన్పులైనాయి. ఐదోది రెండేళ్ళ కిందట. బిడ్డ పుట్టినాక రక్తం నిలవలేదు. గూడుబండిలో పడుకోబెట్టి ఆదోనికి తీసుకుపోయేసరికి కింద పరిచిన వరిగడ్డి తడిసి బండి చక్రం దాకా కారింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ కృపమ్మ ఎట్లాగో బతికించింది. బతికించి, నాగన్నను పిలిచి చెప్పింది: "ఇంకో కాన్పయితే ఈమెను నీకు తిరిగి ఇస్తానని మాటియ్యలేనప్పా."

ఆ డాక్టరమ్మ దగ్గరికే ఆ ఏడాది సముద్రం అవతలి సీమ నుంచి కొత్త మాత్రలు వచ్చినాయి. బిడ్డలు కలగకుండా ఆపే మాత్రలు. అట్లాంటివి ఉంటాయని మన పక్క అప్పటికి ఎవరి చెవినీ పడలేదు. నెలకు ఇరవై, రోజుకొకటి. తిమ్మక్క వాటిని కండెల బుట్ట అడుగున పెట్టింది. అత్తకు మాత్రం బలం మాత్రలని చెప్పింది. మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. రెండో నెల ఈ మరక.

బుట్ట ముట్టుకోగూడదు గనక, ఆ పొద్దున్నే నాగన్నే అటూ ఇటూ చూసి, గుళ్ళో పూజారి ప్రసాదం వదిలినట్టు, పైనుంచి ఆమె అరచేతిలోకి మాత్ర జారవిడిచాడు.

"ఇది లోపల యాడనో కోసినట్టుండాది. నాకొద్దబ్బా. బాయిలో పారేస్తా."

"పారేస్తే?" అన్నాడు నాగన్న.

గూడుబండి ఇద్దరికీ గుర్తుంది. తిమ్మక్క కళ్ళు మూసుకుని మాత్ర మింగింది.

మరక సాయంత్రానికే ఆగిపోయింది. అయినా చాప మూడు దినాల చాపే. ఆ మూడు దినాలూ కండెలు భీమమ్మ చుట్టింది. ఆమె చుట్టిన నూలు జానెడు నేస్తే తెగేది, అతకేస్తే మళ్ళీ తెగేది. మగ్గం చప్పుడు కన్నా నాగన్న మూలుగే ఎక్కువ వినబడింది.

శుక్రవారం తలకు పోసుకుని, మొగుడితో ఆదోని బస్సెక్కింది తిమ్మక్క. దారి పొడవునా మాత్రల పొట్లం కొంగులో పట్టుకునే ఉంది.

కృపమ్మ పడుకోబెట్టి చూసింది, నొప్పి ఉందా అని అడిగింది, చేతులు కడుక్కుంది. పొట్లం విప్పి లెక్కబెట్టింది.

"ఈరోజుకు ఐదు మిగలాల. తొమ్మిదుండాయే? నాలుగు ఎందుకు మింగలా?"

"రెండు శనివారాలు, రెండు సోమవారాలు డాక్టరమ్మా. శ్రావణం గదా, ఒక్కపొద్దు. ఒక్కపొద్దు నాడు పొద్దున్నే నోట్లో ఏం ఏసుకుంటారు?"

"రోజూ అని చెప్పినా కదమ్మా!"

"రోజూ అని సెప్పినారు. ఒక్కపొద్దు నాడు గూడా అని సెప్పలా."

డాక్టరమ్మ ముందు మొహం గంటు పెట్టుకుంది. ఆ తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. "నీ లోపల ఏదీ కోసుకోలేదు, ఏదీ చెడిపోలేదు. మాత్ర తప్పిస్తే ఒంట్లో మందు తగ్గి ఇట్లా చుక్కలు కనబడతాయి. కొత్తలో తప్పించకపోయినా ఒక్కోసారి కనబడతాయి. ఇది ముట్టు కాదు, జబ్బూ కాదు. ఎక్కువగా పోయినా, కడుపులో నొప్పి వచ్చినా మాత్రం వెంటనే రావాల."

తిమ్మక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మూడు దినాలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే, బల్ల మీది చీటీ ఎగిరి కింద పడింది.

"ఒక్కపొద్దు ఎప్పుడు విడుస్తావు?"

"సాయంత్రం దీపం పెట్టినాంక."

"అయితే ఇంకమీద రోజూ ఆ పొద్దుకే మింగు. దేవునికీ కోపం రాదు, నాకూ రాదు." కృపమ్మ వాకిలి దగ్గర నిలబడిన నాగన్న వైపు తిరిగింది. "నాలుగు మాత్రలు పోయినాయి గనక ఈ నెల వీటి మీద నమ్మకం పెట్టుకోగూడదు. ఈ నెలంతా నీకూ ఒక్కపొద్దే నాగన్నా. సాయంత్రం విడిచేది ఉండదు."

నాగన్న తలొంచుకుని గడపకు ఎన్ని మేకులున్నాయో చూశాడు.

ఇంటికి రాగానే భీమమ్మ ఎదురొచ్చింది. "అంతా బాగుందంట అత్తా" అంది తిమ్మక్క. భీమమ్మ తాను చుట్టిన కండెలన్నీ తెచ్చి కోడలి ఒళ్ళో కుమ్మరించి, ఆకు వేసుకోవడానికి పోయింది.

ఆ వారమంతా తిమ్మక్క దీపం పెట్టి, మాత్ర మింగి, దండం పెట్టుకుంది. పీట మీద మళ్ళీ మరక లేదు. ఆదోని నుంచి వచ్చిన తొమ్మిదో నాడు మగ్గం గుంటలోంచి నాగన్న గొంతు తగ్గించి గొణిగాడు.

"దేవునికి నువ్వు వారానికి రెండు దినాలుంటావు ఒక్కపొద్దు. నాకు దినామూ ఒక్కపొద్దేనా? ఇది యాడి న్యాయమే?"

తిమ్మక్క రాట్నం ఆపకుండానే చెప్పింది: "నేను మాత్ర మానితే సుక్క కనపడె, నువ్వు ఒక్కపొద్దు మానితే బిడ్డే కనపడతాడు."