గడ్డకట్టే నదికి ఇవతలి ఒడ్డు

మొన్న మా మనవరాలు జాగ్రఫీ అసైన్‌మెంట్ ముందేసుకుని, "అమ్మమ్మా, ఈజ్ ఇట్ ట్రూ? యూ గైస్ డ్రోవ్ ఆన్ ఎ రివర్?" అని అడిగింది. తెలుగులో చెబితే వింటుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. నిజమేనే తల్లీ అన్నాను గానీ, ఆ రోజంతా మంచు పడని ఊరు పాయింట్ కుక్‌లోని మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, ఉత్తర కెనడాలో మేము కాపురమున్న ఆ చిన్న ఊరి నదినే తలుచుకుంటూ ఉండిపోయాను.

మావారి ఉద్యోగం కోసం వెళ్లాం. మా అమ్మాయికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, నది సంగతి నాకెవరు చెప్పాలి అనుకున్నాను గానీ, ఆ గర్వం ఒక్క చలికాలంతో దిగిపోయింది. వేసవిలో ఫెర్రీ, నడి చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు సైతం పోయే దారి. ఈ రెంటికీ మధ్య కొన్ని వారాలు మాత్రం అది నీళ్లూ కాదు, నేలా కాదు. ఒడ్లు ముందు గట్టిపడతాయి, నడిమధ్య ప్రవాహం ఐసు పలకల్ని మోసుకుంటూ పోతూనే ఉంటుంది. వసంతంలో ఇంకో తంటా, ఉత్తరానికి పారే నది కాబట్టి ఎగువన ముందు కరిగి, దిగువన ఇంకా కరగక, పలకలన్నీ అడ్డుపడి నీళ్లు ఊరి మీదికి వచ్చేవి. ఊరికి వేరే దారి లేదు.

ఆ ఏడు మావారు పని మీద అవతలికి వెళ్లిన మర్నాడే ఫెర్రీ ఆపేశారు. ఫోనులో మాట్లాడుకునేవాళ్లం, మధ్యాహ్నాలు చెరో ఒడ్డున నిలబడేవాళ్లం. లావు కోట్లలో అందరూ ఒకేలా ఉంటారని, నన్ను గుర్తుపట్టడానికి కోటు మీద ఎర్రపట్టుచీర చుట్టుకునేదాన్ని. ఊరివాళ్లు ఏమనుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు పిల్ల చేతులు చాచి నాన్నా నాన్నా అని ఏడ్చింది. ఆ గొంతు అంతదూరం వినబడదు గానీ, చాచిన చేతులు కనబడ్డాయి కాబోలు, ఆయన ఐసు మీద అడుగుపెట్టారు. ఒక అడుగు, ఇంకో అడుగు. అరిస్తే వినబడదు, చేయి ఊపితే రమ్మన్నాననుకుంటారు. ఏం చేయాలో తోచక, పిల్లను భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాను. మలుపు తిరిగేదాకా తలతిప్పి చూడలేదు.

ఆ సాయంత్రం ఫోనులో, "అట్లా ముఖం తిప్పుకుని పోయావేంటే!" అని కేకలేశారు. ఆ గొంతు విని కరువుతీరా ఏడ్చాను. నది మీద దారి తెరిచిన రోజున మొదటి బండిలోనే వచ్చారు. ఆ తరవాత బతికినన్నాళ్లూ, నన్ను చూసి వెనక్కి తిరిగిన మహాతల్లి అని నలుగురిలో ఆటపట్టించేవారు.

ఆయన పోయాక ఇక్కడికి వచ్చాను. పొద్దున్నే అమ్మాయీ అల్లుడూ చెరో కారులో వెళ్లిపోతారు, పిల్ల బడికి పోతుంది, నాకు డ్రైవింగ్ రాదు. కిటికీలోంచి చూస్తే నున్నటి రోడ్డు, ఏ కాలమైనా తెరిచే ఉంటుంది, ఒక్క మనిషి నడవడు. ఆ ఎర్రచీర ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడది కట్టుకుని రోజంతా ఇక్కడ నిలబడినా, రావద్దని ఎవరికోసమూ వెనక్కి తిరగాల్సిన పని లేదు.