వెల్లుల్లికి వచ్చిన ఫిట్

తెలంగాణ రాకముందు మాట. మా ఆయన బొగ్గు బావిలో పనిచేసేవాడు. గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. కొన్నేళ్లకోసారి కంపెనీ దవాఖానలో అందరికీ బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు చూసేవారు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే ముప్పు ఎవరికుందో ఈ మామూలు పరీక్షలతోనే ముందుగా పసిగట్టవచ్చట. మా మగవాళ్లకు మాత్రం అదొక గండం. అన్‌ఫిట్ అని రాస్తే బావిలోకి దిగనివ్వరు. పైన తక్కువ జీతం పని.

అందుకని పరీక్షకు పది రోజుల ముందు పిలుపు రాగానే కాలనీకి కాలనీ ఆశ్రమమయ్యేది. మందు బంద్, మాంసం బంద్. పరగడుపున పచ్చి వెల్లుల్లి. ఆ కంపుకు సందులో కుక్కలు కూడా నిలిచేవి కావు. డబ్బాలో మూలుగుతున్న బీపీ గోలీలు అప్పుడే గుర్తొచ్చేవి. ఫిట్ అనిపించుకున్న సాయంత్రమే మేక తెగేది.

ఆ ఏడు మా ఆయన మార్కెట్ నుంచి బియ్యం మోసుకొస్తూ రెండుసార్లు ఆగి, ఛాతీ పట్టుకుని "గ్యాసు" అన్నాడు. వారం తిరగకుండానే ఫిట్ అని రాశారు. ఇంటి ముందు పొయ్యి మీద కూర ఉడుకుతుంటే నేను ఆ ఛాతీ నొప్పి సంగతి ఎత్తాను.

"ఫిట్టని రాసినంక ఇంకేం ఫికరే నీకు?" అన్నాడు మా ఆయన.

"గది నీ ఎల్లిపాయకు రాసిన్రు. నీకు గాదు."

పక్కింటాయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "వదినా, రాత్రిబడిల అ ఆలు నేర్వంగనే డాక్టరమ్మవైనవా?"

"నువ్వు పదోది సదివి ఏం పొడిసినవ్, కల్లు సీసా మీద పేరు సదువుడు తప్ప?" అని మా ఆయన వైపు తిరిగాను. "బావిల దిగంగనే ఏం జేస్తవ్?"

"కర్రతోని పైకప్పు తట్టి సూస్త. బోలు సప్పుడొస్తే ఆడ నిలబడ."

"తట్టేముందు పదొద్దులు దానికి ఎల్లిపాయ పెడ్తవా, మంచిగ మోగుమని?"

పక్కింటాయనకు నవ్వు ఆగలేదు. మా ఆయనకు రాలేదు. "నౌకరి పోతదే" అన్నాడు, మెల్లగా.

"నువ్వు పోతే నౌకరేం జేసుకోను? కంపెనీ దవాఖాన వద్దు. రేపు బయట సూపించుకుందాం, కూర అరగకముందే."

పొద్దున బయటి డాక్టరు బీపీ చూశాడు, రక్తం తీయించాడు, వయసు, బీడీల లెక్క అడిగాడు. సాయంత్రం ఫలితాలు చూసి, అన్నీ కలిపితే ముప్పు ఎక్కువే అన్నాడు. నొప్పి కూడా వచ్చింది కాబట్టి వెంటనే కరీంనగర్ వెళ్లి గుండె చూపించుకోమన్నాడు.

మా ఆయన చేతులు జోడించాడు. "పదొద్దులు టైమియ్యి సారూ. మల్లొచ్చి మంచి రక్తమిస్త."

డాక్టరుకు అర్థం కాక నా వైపు చూశాడు. ఏం చెప్పను? దొంగకు ముందే కబురు పంపి ఇల్లు సోదా చేసే కాపురం మాది. రెక్క పట్టుకుని కరీంనగర్ బస్సెక్కించాను. ఒక నాళం సగానికి పైగా పూడిందని అక్కడ తేలింది.

అప్పటి నుంచి రోజూ గోలీ నా కళ్లముందే మింగుతున్నాడు. బీడీ మానేశాడు, మానలేదని నాకు తెలిసినప్పుడల్లా మళ్లీ మానేశాడు.

ఒకనాడు పక్కింటాయన గోడ మీద నుంచి తొంగి చూశాడు. బుద్ధొచ్చిందేమో అనుకున్నాను.

"అన్నా, గా గోలీలు పరీక్షకు ఎన్నొద్దుల ముందుగాల మొదలువెట్టాలె?"