నల్లముక్కలన్నీ మోకాలికే

నవంబరు రెండో వారంలో సైన్యం పోస్టుకు చేరాను. కాశ్మీరు, పదకొండు వేల అడుగుల ఎత్తు. మోకాళ్ళ దాకా మంచు. ఒంటి మీద బరువైన కోటు, కాళ్ళకు మంచుబూట్లు, వీపున రైఫిలు, పరుపుచుట్ట. చిత్తూరులో బెల్లం మండీ నడిపే ఇంట్లో పుట్టినవాణ్ణి. అంతకుముందు నేను చూసిన మంచల్లా ఐసు ఫ్యాక్టరీలోదే. మేం ఎక్కిన వారానికే కనుమ మూసుకుపోయింది. ఇక ఏప్రిల్ దాకా నడిచి పైకి వచ్చేవాడు లేడు, కిందికి దిగేవాడు లేడు.

బంకరులో ఆరుగురం. పడుకుంటే పక్కవాడి మోచెయ్యి మన డొక్కలో ఉంటుంది. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. ఆ విశ్రాంతే మనుషుల్ని పాడుచేసేది. పొయ్యి పక్కన దుప్పట్లో దూరినవాడికి తిండి సయించదు, మాట పెగలదు, నాలుగు రోజులకు కాళ్ళు పట్టేస్తాయి. పరుగెత్తడానికి బయట చోటు లేదు.

మా హవల్దారుది గుడియాత్తం. మా ఊరికి బస్సులో గంటన్నర దూరం, అరవం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మొదటి రోజే జేబులోంచి పేక తీశాడు. రమ్మీ కాబోలని సంబరపడ్డాను.

"ఏమప్పా, ఆట అనుకుంటివా? ఈడ పేకే మనల్ని ఆడిస్తాది. తియ్యి ఒక ముక్క."

ఆఠీను వస్తే దండీలు. డైమను వస్తే వెల్లకిలా పడుకుని కాళ్ళు లేపడం. ఇస్పేటుకు బస్కీలు. కళావరుకు కూచుని, కాళ్ళు వెనక్కి తన్ని, ముందుకు లాక్కుని లేవడం. ముక్క మీద ఎంత అంకె ఉంటే అన్ని. బొమ్మకు పది, ఆసుకు పదిహేను. ఒకడు తీస్తాడు, అందరూ చేస్తారు. పేక అయిపోయేదాకా ఎవరూ పక్కకు పోకూడదు. ముక్క నచ్చలేదు, మార్చుకుంటానంటే కుదరదు.

"వచ్చిన ముక్క వచ్చిందే" అనేవాడు హవల్దారు.

లేచిన ప్రతిసారీ పైకప్పు దూలం నెత్తికి తగిలేది. తిట్టుకుంటూ చేసేవాళ్ళం. మమ్మల్ని పడుకోబెట్టాలని మంచు శతవిధాల చూసింది. మేం పడుకుంటేగా!

ఫిబ్రవరిలో ఒక ఉదయం నీళ్ళ కోసం మంచు తవ్వుతుంటే కాలి కింద అంచు విరిగింది. జారి రాతికి కొట్టుకున్నాను. కుడి మోకాలు పగిలింది. రేడియో ఆపరేటరు కిందికి చెబుతున్న మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. "ఒక కేసు. కుడి మోకాలు. మనిషి తెలివిలోనే ఉన్నాడు, అందర్నీ తిడుతున్నాడు. ఓవర్."

ఆకాశం తెరిపిచ్చాక హెలికాప్టరు వచ్చింది. ఎక్కించేముందు హవల్దారు నా కోటు జేబులో పేక కుక్కాడు.

"ఇంటికి పోయి ఊరికే పండుకోవద్దప్పా" అన్నాడు.

ఆపరేషను, కట్టు, తర్వాత ఇంటికి సిక్ లీవు. లీవు అయ్యాక మద్రాసులో మెడికల్ బోర్డు. గొంతుక్కూచుని లేవగలిగితే మళ్ళీ యూనిట్‌కు. లేకపోతే పటాలం నుంచి పంపించేస్తారు. ఆపరేషను చేసిన డాక్టరు ముఖం చూస్తే రెండోదే ఖాయమన్నట్టుంది.

కట్టు విప్పేసరికి మా ఊళ్ళో ఎండలు మండుతున్నాయి. నాయన మాత్రం సంతోషంగా ఉన్నాడు.

"వచ్చేసినావు, అంతే చాలు. తుపాకీ మోసేదానికి వేరేవాళ్ళుండారు. మండీలో కూచో" అన్నాడు. అనడమే కాదు, గల్లాపెట్టె పక్కన నా కోసం కొత్త కుర్చీ కూడా వేయించాడు. వచ్చిన చుట్టాలందరూ నా కాలు చూసి "అయ్యో పాపం" అనేవాళ్ళు. ఆ మాటకూ ఆ కుర్చీకీ నాకు ఒళ్ళు మండేది. ఆ కుర్చీలో కూచునేది లేదని మొదటి రోజే తీర్మానించుకున్నాను.

మిద్దె మీద గోనెసంచుల గది ఒకటుంది. అందులో పేక తీశాను. కానీ పోస్టులో నా మీద ఐదుగురి కళ్ళుండేవి. ఇక్కడ ఎవరూ లేరు. ఇస్పేటు పది వచ్చేసరికి నా చెయ్యే దాన్ని అడుక్కు తోసేసేది. ఇలా కాదని అమ్మను పిలిచాను.

అమ్మ జన్మలో పేక ముట్టలేదు. మా ఇళ్ళల్లో పేక అంటే జూదంలో కొట్లు మూతబడటమే. మొదట్లో ముక్కలు పట్టుకున్నాక చేతులు కడుక్కునేది. రాజును "మీసాలాయన" అనేది, రాణిని "ఆయమ్మ". గోనెల మీద కూచుని ఒక్కో ముక్కా తీసేది.

"ఒరే, మీసాలాయన వచ్చినాడు, ఎర్రగుండాడు."

కింద నుంచి నాయన అరిచేవాడు. "ఏందిరా ఆ దడదడ? మిద్దె కూలగొడతావా?"

"గట్టి మిద్దేలే నాయనా!"

మూడు వారాలు గడిచాయి. దండీలు ఎన్నైనా తీసేస్తున్నాను. మోకాలు మాత్రం సగం వంగి ఆగిపోతోంది. పేక కూడా తొందరగా అయిపోతోందనిపించింది. చూస్తే మోకాలు వంచే నల్ల బొమ్మ ఒక్కటీ రావడం లేదు. అమ్మ బొడ్లో మాత్రం ఏదో ఎత్తుగా కనిపించింది.

"అమ్మా, బొడ్లో ఏముండాది?"

అమ్మ చీర ముడి విప్పింది. పెద్ద నల్లముక్కలన్నీ అక్కడే ఉన్నాయి, చెమటకు తడిసి.

"నిద్దట్లో నువ్వు మూలగతావుంటే నాకు ఇనపడతాదిరా. అందుకని కొన్ని తీసి పెట్టినా."

"అన్నీ అందుకేనా?"

"కాదు." తల వంచుకుంది. "కాలు బాగైతే మళ్ళా ఆ మంచులోకి పోతావు. అందుకు కొన్ని."

కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ మింగాను.

"కాలు బాగుపడకపోయినా నేను ఆ కుర్చీలో కూచోనమ్మా. ఈ ఊరు ఇడిసి యాడికైనా పోతా. కుంటుకుంటా పోయేదా, నడిసి పోయేదా? నువ్వే సెప్పు."

అమ్మ ఆ ముక్కల తడి కొంగుతో తుడిచింది. తర్వాత ఒకటి తీసి నా ముందు విసిరింది.

"మీసాలాయన. నల్లాయన. సెయ్."

ఆ రోజు బొడ్లో దాచినవన్నీ ఒకదాని వెంట ఒకటి వేసింది. ఒక్కటీ తగ్గించలేదు. ఆ తర్వాత ఏ రోజూ తగ్గించలేదు.

మద్రాసులో డాక్టరు గొంతుక్కూచోమన్నాడు. కూచున్నాను, లేచాను. పదికి "చాలు" అన్నాడు. నేను ఆగలేదు. "చాలన్నాను కదా!" అని గట్టిగా అన్నాడు. "ఆసు ఇంకా పూర్తి కాలేదు సార్" అని పదిహేను చేసి నిలబడ్డాను. ఆయనకు ఏమర్థమైందో గానీ, కాగితం మీద ఫిట్ అని రాశాడు.

ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాను. నాయన ఆ కుర్చీని గుమాస్తాకిచ్చేశాడు. బంకరులో వాళ్ళకని అచ్చుబెల్లం మూటగట్టి ఇచ్చాడు. కాట్పాడిలో రైలెక్కాను. ఆ వేసవిలోనే మళ్ళీ అదే పోస్టుకు, నా కాళ్ళ మీద నేనే నడిచి ఎక్కాను.

సర్వీసు అయిపోయి ఊరికొచ్చి చాలా కాలమైంది. మంచును చాలావరకు మరిచిపోయాను. మరుపురానిది ఒక్కటే. ఆ నల్లముక్కల రోజు నేను అడుగుకంటా కూచుని, లేవలేక, పళ్ళు బిగించి కేక పెట్టాను. అమ్మ నన్ను చూడలేక ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. తర్వాతి ముక్క పట్టుకుని నా వైపు చాచే ఉంచింది.